దిగబోయి మళ్ళీ లేచిన విమానం

మా ఆయన వేరేవాళ్ళు నడిపే బండిలో కుదురుగా కూర్చోలేడు. ఆటో ఎక్కినా సరే, కుడికాలు బ్రేకు కోసం కింద వెతుకుతూనే ఉంటుంది. సూర్యాపేట నుంచి కోదాడ, కోదాడ నుంచి మిర్యాలగూడ, మళ్ళీ సూర్యాపేట. ఉద్యోగమంతా ఈ మూడూళ్ళ మధ్యే బస్సు నడిపి రిటైరయ్యాడు. ఉద్యోగం ఆయన్ని వదిలింది గానీ స్టీరింగ్ వదల్లేదు. చుట్టాల పెళ్ళికని కారు కిరాయికి మాట్లాడుకుంటే ఆ డ్రైవరుకు దారంతా పాఠాలే. "గేరు మార్చు." "హారన్ గొట్టు." "మునగాల కాడ ధాబాలున్నయ్, లారీలు అడ్డమొస్తయ్, జర సూస్కో." ఒకసారి ఒకతను విసిగిపోయి రోడ్డు పక్కన కారు ఆపి, "పెద్దాయనా, నువ్వే నడుపు," అని పక్క సీట్లోకి జరిగాడు. సిగ్గుపడాల్సింది పోయి, ఈయన సంతోషంగా వెళ్ళి నడిపాడు.

ఆయనకు ఒక గొప్ప ఉంది. బస్సును ఏ బస్టాండులోనైనా ఒక్క తిప్పుకే ప్లాట్‌ఫారం మీద పెట్టేవాడట. ముందుకూ వెనక్కూ ఆడించింది లేదట. వడ్ల సీజనులో మిర్యాలగూడ మిల్లుల ముందు లారీలు రోడ్డు సగందాకా వరసకట్టి ఉన్నా సరే, ఆ సందులోంచి ఒకే పట్టున దూరి అవతల తేలేవాడట. మా ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ టీతో పాటు ఈ సంగతి కూడా అందుతుంది. చివర్న ఒక ముక్తాయింపు: "రెండోసారి తిప్పిండంటే వాడు డ్రైవర్ కాదు, నేర్చుకునేటోడు."

నేను ఇంట్లోనే జాకెట్లు కుడతాను. చెయ్యి సరిగ్గా కూర్చోకపోతే కుట్టు విప్పి మళ్ళీ వెయ్యడం నాకు రోజూ ఉండేదే. "అయితే నేను ఇన్నేండ్ల సంది నేర్చుకుంటనే ఉన్ననా?" అని అడిగితే, "బట్టలకు పానముంటదా ఏంది?" అంటాడు. మాటకు మాట మాత్రం ఆయన దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది.

ఇలాంటి మనిషికి దేవుడు పైలట్ కూతుర్ని ఇచ్చాడు.

మా అమ్మాయి కో-పైలట్. ముందు కూర్చునే ఇద్దరిలో చిన్నది. మా ఆయన లెక్కలో కెప్టెన్ పెద్ద డ్రైవరు, ఇది రెండో డ్రైవరు. సూర్యాపేటలో ఎవరు కనబడినా "మా బిడ్డ ఇమానం నడుపుతది," అని చెప్పుకుంటాడు. కూరగాయల మార్కెట్లో వంకాయలు ఏరుకునేవాళ్ళని కూడా వదలడు. దాని ముందు మాత్రం నోట్లోంచి ఒక్క మంచి మాట రాలదు. ఉద్యోగం వచ్చిందని అది ఏడుస్తూ నవ్వుతూ ఫోన్ చేస్తే, "నిద్ర ఆపుకొని నడపకు," అని ఫోన్ నాకిచ్చాడు.

తను నడిపే విమానం ఒక్కసారి ఎక్కమని అది ఆయన్ని చాలాకాలం బతిమాలింది. ఆయన ప్రతిసారీ ఒక సాకు చెప్పేవాడు. మోకాలు నొప్పి, బీపీ, పక్కింట్లో గృహప్రవేశం. అసలు సంగతి భయమని నాకు తెలుసు. చేతిలో స్టీరింగ్ లేకుండా నేలమీదే నిలవలేని మనిషి గాల్లో ఎలా నిలుస్తాడు? ఒకరోజు అమ్మాయి నాతో, "అమ్మా, నేను మంచిగ నడుపుతనని మా ఆఫీసోళ్ళు ఎంతమంది చెప్పినా నాకు ఆనదు. నాన్న ఒక్కసారి ఎన్క కూసొని, దిగినంక ఒక్క మాట అంటే సాలు," అంది. ఇది తప్ప ఎప్పుడూ ఏదీ అడగని పిల్ల. ఆ మాట విని నాకు మా ఆయన మీద పట్టరాని కోపం వచ్చింది. ఈ మనిషిని ఎలాగైనా ఆ విమానం ఎక్కించి తీరాలనుకున్నాను.

పోయిన ఎండాకాలం తిరుపతి మొక్కు ఉంది. పోవడానికి రైలు. రావడానికి కూడా రైలేనని ఆయన అనుకున్నాడు, నేను అనుకోనిచ్చాను. కొండ మీద గుండు చేయించుకుని, దర్శనం చేసుకుని, మనసు మెత్తబడి ఉన్నప్పుడు చెప్పాను: రైలు టికెట్లు లేవు, విమానం టికెట్లు ఉన్నాయి, దాన్ని నడిపేది మన బిడ్డే. ఆయన నా వైపు చాలాసేపు చూసి, "దేవుని కాడ మోసం చేసినవు," అన్నాడు. కానీ కాదనలేదు. గుండు మీద రాసిన గంధం ఇంకా తడారలేదు, ఆ తలతో కోపం చూపించినా ఎవరూ నమ్మరని ఆయనకూ తెలుసు.

విమానం ఎక్కి చూస్తే సగం గుండ్లే. వెనక నుంచి చూస్తే గంధం పూసిన తలలు వరసలు వరసలుగా కనిపించాయి. మా పక్క సీటాయనది కోదాడ, విత్తనాల షాపట. ముందు వరసలో మిర్యాలగూడ రైస్‌మిల్లు సేటూ, ఆయన భార్యా. అంత దూరం పోయినా మళ్ళీ మన మూడూళ్ళే చుట్టూ చేరాయని నేను నవ్వుకున్నాను. తలుపులు మూశాక మైకులో మా అమ్మాయి గొంతు వినిపించింది. ఇంగ్లీషు, హిందీ అయ్యాక తెలుగులో, నెమ్మదిగా, ప్రయాణికులందరికీ నమస్కారమంటూ. మా ఆయన కోదాడ ఆయన్ని మోచేత్తో పొడిచి, "మా బిడ్డ," అన్నాడు. "అవునా అండీ!" అని ఆయన నిజంగానే సంబరపడ్డాడు. ముందు వరస సేటు కూడా వెనక్కి తిరిగి చూశాడు. అప్పుడు మా ఆయన మొహం చూడాలి, పెళ్ళినాడు కూడా అంత వెలగలేదు.

పైకి లేచాక ఆయన కుడికాలు పని మొదలుపెట్టింది. విమానం కాస్త ఊగితే చాలు, బ్రేకు తొక్కుతున్నాడు. ఆ కాలి కింద ఉన్నది మా లడ్డూల సంచి. చూసుకుని "తప్పు తప్పు" అని కళ్ళకద్దుకోవడం, ఇంకో కుదుపుకు మళ్ళీ తొక్కడం. హైదరాబాదు చేరేసరికి ప్రసాదం పొడి పొడి అయిపోతుందని నేను సంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాను.

సాయంత్రం కావస్తుండగా హైదరాబాదు వచ్చింది. రోహిణి కార్తె గాలి, కింద దుమ్ము లేస్తూ కనిపించింది. కింద నుంచి గడగడమని చప్పుడైతే చక్రాలు బయటికొచ్చాయని కోదాడ ఆయన చెప్పాడు. రింగు రోడ్డు మీద కార్ల రంగులు కూడా తెలుస్తున్నాయి. "ఇగ దిగినట్టే," అని మా ఆయన అరచేతులు పంచెకు తుడుచుకున్నాడు. అంతలో విమానం ఒక పక్కకు ఒరిగి సర్దుకుంది. మళ్ళీ ఒరిగింది. ఉన్నట్టుండి ఇంజన్లు గట్టిగా హోరెత్తాయి. వీపు సీటుకు అతుక్కుపోయింది, విమానం ముక్కు పైకి లేచింది, చేతికందేంత దగ్గరకొచ్చిన నేల మళ్ళీ కిందికి వెళ్ళిపోయింది.

ఎవరో "గోవిందా!" అన్నారు. అంతే, విమానమంతా గోవింద నామం. నేనూ అరిచాను. అబద్ధమెందుకు, నాకు చాలా భయమేసింది. ముందు కూర్చున్నది నా కడుపున పుట్టిన పిల్లే అయినా, ఆ క్షణంలో నాకు గుర్తొచ్చింది దేవుడే. మా ఆయన మాత్రం గోవిందా అనలేదు. మూసి ఉన్న ముందు తలుపు వైపే చూస్తూ, నాకొక్కదానికే వినబడేలా, "రెండోసారి తిప్పింది," అన్నాడు.

కాసేపు ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆ కాసేపే కష్టం. తర్వాత మైకులో మాట వచ్చింది, అది కెప్టెన్ గొంతు. కోదాడ ఆయన మాకు తెలుగు చేసి చెప్పాడు. "గాలి కుదురుగా లేదంటండి. ఒక చుట్టు తిరిగొచ్చి మళ్ళీ దిగుతారంట. ఇది మామూలేనంట, భయపడొద్దంటున్నారు." మా ఆయన చెవికి ఇందులో ఒక్క ముక్కా ఎక్కలేదు. ఆయన పట్టుకున్నది ఒక్కటే. ఎక్కినప్పుడు మాట్లాడింది బిడ్డ, ఇప్పుడు మాట్లాడుతున్నది పెద్దాయన.

"బండి దాని చేతులకెల్లి గుంజుకున్నట్టున్నరు," అన్నాడు.

రెండోసారి విమానం మెత్తగా దిగింది. చక్రాలు నేలకు తగిలాయో లేదో అన్నట్టుంది. అందరూ చప్పట్లు కొట్టారు. మా ఆయన కొట్టలేదు. "గిది పెద్ద డ్రైవర్ దించింది," అని గొణిగాడు. ఆయన మొహంలో ఎక్కినప్పటి నుంచీ ఉన్న వెలుగు పోయింది. కూతురు తప్పు చేసిందని కోపమేమో అనుకుని, నేను తిట్టడానికి సిద్ధంగా ఉన్నాను. కోపం కాదు. దిగి నడుస్తుంటే నా చెయ్యి పట్టుకుని, "మెమో ఇస్తరా? సస్పెండ్ చేస్తరా?" అన్నాడు. ఆ గొంతు వింటే తిట్టబుద్ధి కాలేదు.

ఆ భయం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. ఒకసారి మునగాల దాటాక ఆయన బస్సుకు అడ్డంగా ఒక బైకు దూసుకొచ్చింది. బైకతనికి కాలు విరిగింది. బస్సు డ్రైవర్ల సంగతేమిటంటే, ఏదైనా జరిగితే పెద్దసార్లు వచ్చేలోపే ప్యాసింజర్లను పట్టుకోవాలి. "డ్రైవర్ తప్పు లేదు" అని వాళ్ళతో చెప్పించుకోవాలి. ఇంకో బస్సొస్తే ఎవరి దారిన వాళ్ళు పోతారు, తర్వాత వెతికినా దొరకరు. ఆ రోజు కూరగాయల గంపతో ఎక్కిన ఒక ముసలమ్మ డిపోదాకా వచ్చి, "ఈ బిడ్డ తప్పేం లేదు, నేను ముందల సీట్లనే కూసున్న," అని చెప్పింది. ఆమె మాట మీదే ఈయన ఉద్యోగం నిలిచింది. అప్పటి నుంచి ఆయనకు ఏ చట్టం మీదా నమ్మకం లేదు, సాక్షుల మీద తప్ప.

సామాన్లు వచ్చే బెల్టు దగ్గర నేను మా పెట్టె కోసం చూస్తుంటే పక్కన ఈయన లేడు. వెతికితే కొంచెం అవతల కోదాడ ఆయన ముందు ఫోన్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. వీడియో తీస్తున్నాడు.

"సార్, జర చెప్పుండ్రి. డ్రైవర్ తప్పు లేదు, గాలి ఎక్కువున్నది అని. మీ పేరు, ఊరు కూడ చెప్పుండ్రి."

"మీ అమ్మాయే కదండీ నడిపింది?" అన్నాడాయన.

"గా మాట ఇప్పుడనకుండ్రి సార్. సొంతోళ్ళ సాక్ష్యం చెల్లదు. నేను కూడ ఒక ప్యాసింజర్‌నే అనుకోండి."

కోదాడ ఆయన మంచివాడు. నవ్వాపుకుని, చొక్కా సర్దుకుని, "గాలి విపరీతంగా ఉందండి, డ్రైవర్ గారిది ఏ తప్పూ లేదండి, చాలా జాగ్రత్తగా దించారండి," అని కోర్టులో చెప్పినట్టు చెప్పాడు. తర్వాత మిర్యాలగూడ సేటు దొరికాడు.

"నేను కండ్లు మూసుకొనే ఉంటిని. నేనేం సూసిన?"

"దిగినప్పుడు కుదుపు తెలిసిందా?"

"తెల్వలే."

"గంతే చెప్పు సేటూ."

పక్కనుంచి ఆయన భార్య, "ఆ ఏడుకొండలవాడే కాపాడిండు," అంది.

"దేవుని మాట తర్వాత చెప్పుదువు గానీ, డ్రైవర్ మాట చెప్పమ్మా," అని ఫోన్ ఆమె వైపు తిప్పాడు.

సిగ్గుతో నాకు చెవులు కాలిపోయాయి. ఈ గుండాయన ఎవరో నాకు తెలియనట్టు సామాన్ల బండి తోసుకుని అటు తిరిగి నిలబడ్డాను. అలా నిలబడి కూడా ఆయన్నే చూస్తున్నాను. అందరి దగ్గరా చేతులు జోడిస్తున్నాడు. తన ఉద్యోగం పోతుందన్నప్పుడు కూడా అలా ఎవరికీ చేతులు జోడించని మనిషి. నవ్వు వచ్చింది, దాని వెనకే ఏడుపూ వచ్చింది. నేనూ ఒక సాక్ష్యం చెబుతానని దగ్గరికి పోతే, "నువ్వు తల్లివి, నీది పనికిరాదు," అని తోసేశాడు.

అప్పుడే మా అమ్మాయీ, కెప్టెనూ చక్రాల పెట్టెలు లాక్కుంటూ అటుగా వచ్చారు. కూతుర్ని దాటుకుని మా ఆయన నేరుగా కెప్టెన్ ముందుకు పోయాడు. తెల్లజుట్టు, ఉత్తరాది మనిషి.

"సాబ్, గల్తీ హవా కా హై. బచ్చీ కా నై. గవా హై మేరే పాస్," అని, తప్పు గాలిదేనని చెప్పే సాక్షులున్నట్టు ఫోన్ చూపించాడు.

కెప్టెన్ మా అమ్మాయి వైపు చూశాడు. అది నేల వైపు చూసింది. ఆయన మా ఆయన భుజం మీద చెయ్యి వేసి, "గల్తీ హుయీ హీ నహీ, అంకుల్," అని, అసలు తప్పే జరగలేదంటూ నవ్వుతూ వెళ్ళిపోయాడు. మా ఆయన ఆ మాట నమ్మలేదు. పై అధికారులు వెళ్ళేటప్పుడు నవ్వుతూనే వెళ్తారని, మెమో తర్వాత వస్తుందని ఆయన అనుభవం.

అమ్మాయి మమ్మల్ని పక్కనున్న కుర్చీల దగ్గరికి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. చిన్నప్పుడు లెక్కలు చెప్పించుకున్న పిల్ల, ఇప్పుడు తండ్రికి చెప్పడం మొదలుపెట్టింది.

"నాన్నా, దిగే ముందు ఒక ఎత్తు కాడికి వచ్చేసరికి స్పీడు, దారి, అన్నీ కుదురుకోవాలె. కుదరకపోతే ఇగ ఆలోచన లేదు, పైకి లేవాల్సిందే. అదే రూలు. ముందు దిగిన విమానం రన్‌వే ఖాళీ చెయ్యకపోయినా లేస్తం. రన్‌వే మీదికి కుక్క వచ్చినా లేస్తం, వానకు దారి కనబడకపోయినా లేస్తం. దానికోసమని ఆయిల్ కూడ ముందుగాలనే ఎక్కువ పోసుకుంటం."

ఆయన చేత్తో గాల్లోనే ఒక స్టీరింగ్ తిప్పి చూశాడు. "కోదాడ బస్టాండ్ల మన జాగల ఇంకో బస్సుంటే, బయట ఒక చుట్టు కొట్టి వస్తం. గట్లనా?"

"గట్లనే."

"మరి మెమో?"

"ఎందుకు లేచినమో రాసిస్తం, అంతే. లేచినందుకు ఎవ్వరూ ఏమనరు. లేవాల్సినప్పుడు లేవకుండ దించితేనే అడుగుతరు."

"మైకుల ఆయన మాట్లాడిండు. నీ చేతులకెల్లి తీసుకున్నడు గదా?"

"లేదు నాన్నా. ఒకరు నడిపితే ఇంకొకరు మాట్లాడతరు. రెండుసార్లూ నేనే నడిపిన."

"లేవాల్నన్నదెవరు?"

"నేనే."

ఆయన ఊపిరి వదిలి కుర్చీలో వెనక్కి వాలాడు. అంతటితో అయిపోయిందనుకుని నేను లడ్డూ పొడి తీసి ఇద్దరి చేతుల్లో పెట్టబోయాను. అమ్మాయి తీసుకోలేదు. వేళ్ళు నలుపుకుంటూ కూర్చుంది.

"కానీ నాన్నా, ఒక్క సెకను ఆగిన," అంది. "ఎన్నిసార్లు లేచినా ఎప్పుడూ ఆగలే. ఇయ్యాల ఆగిన. ఎన్క నువ్వున్నవు, రెండోసారి తిప్పితే డ్రైవరే కాదంటవు. ఎట్లన్న జేసి దించాల్ననిపించింది."

ఆకాశంలో ఇంజన్లు హోరెత్తినప్పటి కంటే ఈ మాటకు నాకు ఎక్కువ భయమేసింది. ఇన్నేళ్ళూ టీతో పాటు చుట్టాలకు అందించిన గొప్ప ఇది కదా అని ఆయన్ని దులిపేద్దామని చూశాను. మా ఆయన మొహం చూసి నోరు మూసుకున్నాను. ఎవరో చెంప మీద కొట్టినట్టున్నాడు. చేతిలో ఫోన్ ఇంకా అలాగే ఉంది. దాన్ని మెల్లగా జేబులో పెట్టుకున్నాడు.

"నేనైతే దించేటోణ్ణి," అన్నాడు.

అమ్మాయి తలెత్తింది.

"నీకన్న మంచిగ నడుపుతనని కాదు బిడ్డా. సిగ్గుకు. ఎన్క కూసున్నోళ్ళు ఏమనుకుంటరో అని ఎట్లన్న దించేటోణ్ణి. అంతమంది పానాలు నా ఎన్కనున్నయన్న సోయి గూడ ఉండకపోయేది." కూతురి వైపు తిరిగాడు. "నువ్వు దించలే."

తండ్రి ఎదురుగా ఎప్పుడూ కళ్ళు తడి చేసుకోని పిల్ల, భుజాల మీద పట్టీలున్న ఆ తెల్లచొక్కాతోనే ఆయన మీదికి వాలి, వెక్కి వెక్కి ఏడ్చింది. ఆయన దాని తల నిమురుతూ కూర్చున్నాడు. సామాన్ల కోసం నిలబడ్డ వాళ్ళందరూ ఇటు తిరిగారు. అలవాటు చొప్పున నేను, "అందరు సూస్తున్నరు," అన్నాను.

"సూడనియ్యి," అన్నాడు మా ఆయన, నా కొంగు లాక్కుని కళ్ళు తుడుచుకుంటూ.